ఆటల పిడికి కంప్యూటరు భాష

కంప్యూటరు లెక్కలు కట్టు యంత్రమని చిన్న తరగతులలోనే చదువుకొందుము. కాని లెక్క కట్టుటకు ముందు ఆ లెక్క యంత్రమునకు అందవలెను గదా! మీట నొక్కినను, పిడి త్రిప్పినను ఆ కదలిక అంకెలుగా మారి లోపలికి చేరినప్పుడే యంత్రము పని మొదలుపెట్టును. ఈ చేరవేత ఎట్లు జరుగుచున్నది, దానిని ఎవరు ఏర్పరచిరి అను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. లోతుకు పోయినకొలది అందులో భౌతికశాస్త్రమును, గణితమును, మనుష్యుల మధ్య సహకారమును కనిపించును.

పటాన్‌చెరువు నుండి సంగారెడ్డి వైపు పోవు రహదారికి ఇరుప్రక్కల అనేక కర్మాగారములు గలవు. అక్కడ బరువులెత్తు క్రేనును నడుపువాడు పిడిని ఏ మాత్రము వంచిన కొక్కెము ఆ మాత్రమే కదలును. పిల్లలు ఆటలాడు కంట్రోలరు కూడ ఆ జాతికి చెందినదే. చేతి వంపును కొలిచి సంఖ్యగా మార్చుట రెండింటికిని సమానమైన పని. అందుచేత ఆటవస్తువేగదా అని దీనిని తేలికగా చూడరాదు. ఇట్టి పరికరములు లినక్సు వంటి ఓపెన్ సోర్సు ఆపరేటింగ్ సిస్టములో పనిచేయునట్లు ఎట్లు చేయబడినవో, ఆ చరిత్రయే ఈ వ్యాసవిషయము.

పిడి పుట్టుక

1958వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చిన ప్రజలకు వినోదముగా నుండునని విలియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒక టెన్నిస్ ఆటను ఏర్పాటు చేసెను. ఆసిలోస్కోపు తెరమీద ఒక వెలుగుచుక్క వలమీదుగా ఇటునటు ఎగురుచుండెడిది. ఆటగాని చేతిలో ఒక పెట్టె, దానిపై ఒక త్రిప్పుడు మీట, ఒక నొక్కుడు మీట. త్రిప్పుడు మీట బంతి పోవు కోణమును నిర్ణయించును, నొక్కుడు మీట బంతిని కొట్టును.

1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు పి. డి. పి.-1 అను కంప్యూటరుపై ‘స్పేస్‌వార్’ అను ఆటను తయారుచేసిరి. మొదట వారు యంత్రపు ముఖభాగమున నుండు స్విచ్చులతోనే ఆడిరి. అది సుఖముగా లేకపోవుటచే అలన్ కోటక్, బాబ్ సాండర్స్ అను ఇరువురు విడిగా రెండు పెట్టెలను నిర్మించి వానికి మీటలను అమర్చిరి. 1972లో రాల్ఫ్ బేర్ ఆలోచన ఆధారముగా ‘మాగ్నావాక్స్ ఒడిస్సీ’ అను ఆటయంత్రము అమ్మకమునకు వచ్చినది. 1977లో వచ్చిన అటారీ యంత్రపు పిడిలో ఉన్నవి ఐదు స్విచ్చులు మాత్రమే: నాలుగు దిక్కులకు నాలుగు, కాల్పునకు ఒకటి. స్విచ్చు మూసినచో 1, తెరచినచో 0 అనుకొనుడు. ఇంతకంటె సులభమైన భాష మరియొకటి లేదు.

నిరోధమును కాలముగా మార్చుట

స్విచ్చు ‘అవును’, ‘కాదు’ అను రెండు మాటలే చెప్పగలదు. పిడి ఎంత వంగినదో చెప్పలేదు. 1981లో ఐ. బి. ఎమ్. సంస్థ తన పర్సనల్ కంప్యూటరుతోపాటు ఆటపిడుల కొరకు ఒక విడి కార్డును వెలువరించినది. ఆ కార్డులోని ఉపాయము ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతము బోధపడును.

పిడి లోపల రెండు మార్పుడు నిరోధములు గలవు. ఒకటి కుడియెడమల వంపునకు, రెండవది ముందువెనుకల వంపునకు. పిడి వంగినకొలది నిరోధము సున్న నుండి లక్ష ఓముల వరకు మారుచుండును. ఈ నిరోధము గుండ కార్డులోని ఒక చిన్న కండెన్సరునకు విద్యుత్తు ప్రవహించును. నిరోధము హెచ్చినచో కండెన్సరు నిండుటకు ఎక్కువ కాలము పట్టును. సన్నని గొట్టము గుండ నీరు వదలిన కుండ ఆలస్యముగా నిండునట్లే ఇదియు. ఆ కాలమునకు ఐ. బి. ఎమ్. వారు ఇచ్చిన సూత్రము ఇది: 24.2 మైక్రోసెకండ్లు, దానికి నిరోధమును ఓములలో తీసికొని 0.011 చేత గుణించిన లబ్ధమును కలుపవలెను. పిడి నడుమ నున్నప్పుడు నిరోధము 50,000 ఓములైనచో కాలము 574 మైక్రోసెకండ్లు. పూర్తిగా వంచినప్పుడు లక్ష ఓములైనచో 1,124 మైక్రోసెకండ్లు. నిరోధమును కొలుచుటకు వేరొక మీటరు అక్కరలేదు, కాలమును కొలిచిన చాలును.

అయితే ఆ కాలమును లెక్కించువారెవరు? కార్డు లెక్కింపదు. కంప్యూటరే ‘నిండినదా? నిండినదా?’ యని మాటిమాటికి అడుగుచు, ఎన్నిమార్లు అడిగెనో లెక్కపెట్టుకొనవలెను. ఇందు రెండు చిక్కులున్నవి. వేగముగల కొత్త యంత్రము అదే కాలములో ఎక్కువమార్లు అడుగును. కనుక పాతయంత్రమునకై వ్రాసిన ఆట కొత్తయంత్రముపై తప్పులెక్క చూపును. ఇది మొదటి చిక్కు. రెండవది మరింత పెద్దది. పిడిని సెకండునకు నూరుసార్లు చదువవలెనన్న, ఒక్కొక్కమారు 1.1 మిల్లీసెకండు చొప్పున, యంత్రపు కాలములో సుమారు పదవ వంతు ఈ ఎదురుచూపునకే వ్యయమగును. ఒకే కార్యక్రమము నడచు యంత్రములో దీనిని సహింపవచ్చును. పెక్కు పనులను ఒకేసారి నడుపు ఆపరేటింగ్ సిస్టములో ఇది తక్కిన పనులన్నింటికిని ఆటంకమగును.

మీటలను వరుసలో పిలుచుట

ఇదే కాలమున జపానులో మరియొక మార్గము తెరచుకొన్నది. 1983లో నింటెండో సంస్థ వెలువరించిన ఆటయంత్రపు కంట్రోలరులో ఎనిమిది మీటలు గలవు. మీటకొక తీగ చొప్పున ఎనిమిది తీగలు లాగుటకు బదులు వారు షిఫ్టు రిజిస్టరు అను చిన్న చిప్పును వాడిరి. యంత్రము ఒక తీగపై ‘ఇప్పుడున్న స్థితిని పట్టి ఉంచుము’ అను సంకేతమును పంపును. చిప్పు ఎనిమిది మీటల స్థితిని ఒక్కసారిగా పట్టి ఉంచును. తరువాత యంత్రము రెండవ తీగపై తట్టినకొలది మూడవ తీగమీద ఒక్కొక్క మీట సమాచారము వరుసగా బయటికి వచ్చును. హాజరుపట్టీ తీసికొని ఉపాధ్యాయుడు వరుసక్రమమున పేర్లు పిలువగా విద్యార్థులు పలుకుట వంటిదే ఇది. పిలుచు వరుస ముందే తెలిసియున్నందున ఎవరు పలికిరో వేరుగ చెప్పుకొనవలసిన పనిలేదు.

ఈ వరుస తెలిసిన వానికి కంట్రోలరు వశమగును, తెలియనివానికి అది మూగవస్తువు. ఇకముందు చెప్పబోవు చరిత్రకంతకును ఈ వాక్యమే కీలకము.

డ్రైవరు అనగానేమి?

ఆపరేటింగ్ సిస్టము నడుమ ఒక ముఖ్యభాగము గలదు. దానిని కెర్నెల్ అందురు, అనగా గింజలోని పలుకు. ఈ కెర్నెల్‌కును ఒక్కొక్క పరికరమునకును మధ్య దుబాసిగా నిలుచు చిన్న కార్యక్రమమే డ్రైవరు. ఒక ప్రక్క పరికరపు భాషను, అనగా తీగలు, కాలములు, బైట్ల వరుసలను ఇది అర్థము చేసికొనును. మరియొక ప్రక్క ‘ఫలాని మీట నొక్కబడినది’ అని అన్ని కార్యక్రమములకు అర్థమగు ఏకభాషలో చెప్పును. ఇట్టి దుబాసి యున్నచో ఆట వ్రాయువాడు నిరోధముల గొడవ, షిఫ్టు రిజిస్టరుల గొడవ ఎరుగనక్కరలేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమే ఇట్టి దుబాసి లేని చిక్కునుండి పుట్టినదని చెప్పవచ్చును. 1980 ప్రాంతమున మసాచుసెట్స్ విద్యాలయపు కృత్రిమ మేధా ప్రయోగశాలకు జిరాక్స్ వారి లేసరు ప్రింటరు ఒకటి వచ్చినది. కాగితము ఇరుక్కొన్నప్పుడు ఆ సంగతి దూరముననున్నవారికి తెలియునట్లు రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటరు కార్యక్రమమును లోగడ సవరించియుండెను. కొత్త ప్రింటరునకు అట్లు చేయుటకు దాని మూలము ఆయనకు దొరకలేదు. వేరొక విశ్వవిద్యాలయమున దానిని కలిగియున్న పరిశోధకుని అడుగగా, బయటికీయనని మాట ఇచ్చితినని అతడు నిరాకరించెను. ఇట్టి అనుభవముల ఫలితముగా 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించెను. కార్యక్రమపు మూలమును చదువుటకు, మార్చుటకు, పంచుటకు అందరికిని హక్కుండవలెనన్నది దాని సిద్ధాంతము.

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లీనస్ టోర్వాల్డ్స్, తాను ఒక ఆపరేటింగ్ సిస్టమును వ్రాయుచున్నట్లు ప్రకటించెను. అది తనవద్దనున్న రకపు హార్డుడిస్కును తప్ప బహుశః మరే పరికరమును ఎన్నటికిని నడుపజాలదని ఆయన ఆ ప్రకటనలోనే వినయముగా చెప్పుకొనెను. ఆయన అంచనా తప్పినది. 1992లో లినక్సును గ్నూ లైసెన్సు క్రింద విడుదల చేయుటతో, ఎవరివద్ద ఏ పరికరమున్నదో వారే దానికి డ్రైవరు వ్రాసి చేర్చు మార్గము ఏర్పడెను. ఒకని బల్లమీద నుండు పరికరములు కొన్నియే. లోకములోని బల్లలన్నింటి మీద నుండునవి లెక్కలేనన్ని.

లినక్సులో పిడుల రాక

లినక్సులో ఆటపిడుల డ్రైవరులను 1996 నుండి ఒక క్రమమునకు తెచ్చినవాడు చెక్ దేశస్థుడైన వొయ్‌తెక్ పావ్లిక్. సూసే సంస్థ ఆయన పనికి తోడ్పడినది. పైన చెప్పిన నిరోధపు పిడులకు ఆయన వ్రాసిన డ్రైవరు అడుగుటల సంఖ్యను గాక నిజమైన కాలమును కొలుచును. అందుచే యంత్రపు వేగము మారినను లెక్క మారదు. మైక్రోసాఫ్ట్, లాజిటెక్, గ్రావిస్ మున్నగు సంస్థల కొత్త పిడులు అదే పాత సాకెట్టు గుండ తమ తమ సొంత భాషలలో అంకెలను పంపుచుండెను. వానిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క డ్రైవరు తయారైనది. నింటెండో కంట్రోలరును ప్రింటరు సాకెట్టునకు తగిలించుటకు ఏ తీగను ఎచట అతుకవలెనో బొమ్మలతోసహా లినక్సు పత్రములలో చేర్చబడినది. టంకము పెట్టుట తెలిసిన విద్యార్థి ఎవరైనను దానిని చూచి చేసికొనవచ్చును.

ఇన్ని భాషల పిడులనుండి కెర్నెల్ బయటికిచ్చు వార్త మాత్రము ఒకే అచ్చులో నుండును. ప్రతి వార్తయు ఎనిమిది బైట్లు. మొదటి నాలుగు బైట్లు కాలము, తరువాతి రెండు విలువ, ఒకటి రకము, చివరిది మీట లేక అక్షపు సంఖ్య. విలువ -32,767 నుండి +32,767 వరకు ఉండును, నడుమ సున్న. లక్ష ఓముల నిరోధమైనను, మరే పద్ధతియైనను, ఆటకు అందునది ఈ కొలతయే. వేరువేరు మానములలో కొలిచిన పొలములను ఎకరములలోనికి మార్చి పహాణీలో వ్రాయుటవంటిదే ఈ పని.

తన్ను తాను వర్ణించుకొను పరికరము

1996లో యు. ఎస్. బి. పద్ధతి వచ్చుటతో పరిస్థితి మారినది. మీటలపలకలు, మౌసులు, ఆటపిడులు మొదలగు చేతిపరికరములకు ఆ పద్ధతిలో ఒక ఉమ్మడి ఒడంబడిక ఏర్పడినది. దీని ప్రకారము పరికరమును తగిలించగనే అది తన వర్ణనను తానే కంప్యూటరునకు అందజేయును. నేను ఆటపిడిని, నాకు రెండు అక్షములు గలవు, ఒక్కొక్కటి ఇన్ని బిట్లు, నాకు పండ్రెండు మీటలు గలవు అని చెప్పుకొనును. ఇదియంతయు సంఖ్యలలోనే జరుగును. 4 అనిన జాయ్‌స్టిక్కు, 5 అనిన గేమ్‌ప్యాడ్, 48 అనిన అడ్డుగా కదలు అక్షము, 49 అనిన నిలువుగా కదలు అక్షము. ఇట్టి పరికరమునకు వేరుగా డ్రైవరు వ్రాయనక్కరలేదు. ఒకే డ్రైవరు వర్ణనను చదివి, తదనుగుణముగా నడచుకొనును.

దీనికి మన ప్రాంతముననే ఒక పోలిక గలదు. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థయొక్క విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యములకు చెందిన లక్షకుపైగా నమూనాలు గలవు. ప్రతి నమూనాకు ఎచట లభించినది, ఏ జాతి అను వివరములు కూర్చబడియుండును. వివరము లేని విత్తనము నిధిలో నున్నను పరిశోధకునకు అంతగా ఉపయోగపడదు. ఇట్టి నమూనాలు ఏ ఒక్కరి సొత్తును గాక లోకహితముకొరకు నిలుచునట్లు 1994లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థతో ఒడంబడికలు జరిగినవి. వస్తువును భద్రపరచుట ఒకటి, దాని వివరమును అందరికి తెరచియుంచుట మరియొకటి. పరికరముల విషయమున ఓపెన్ సోర్సువారు కోరునది ఈ రెండవదానినే.

వర్ణన ఇయ్యని పరికరములు

ఒడంబడిక ఉన్నంతమాత్రమున అందరును పాటింతురా? 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ ఆటయంత్రమును వెలువరించినది. దాని కంట్రోలరు లోపల యు. ఎస్. బి. పద్ధతినే అనుసరించుచున్నను ప్లగ్గు వేరు ఆకారముగలది. ఉమ్మడి ఒడంబడికలోని తరగతికి బదులు అది తన తరగతి సంఖ్య 88 అని చెప్పుకొనును. ఆంగ్లాక్షరమైన ‘ఎక్స్’నకు కంప్యూటరు సంకేతసంఖ్య 88. ఈ తరగతిని యు. ఎస్. బి. సంఘము ఆమోదింపలేదని డ్రైవరు మూలములోనే వ్రాయబడియున్నది.

ఈ కంట్రోలరునకు 2002లో మార్కో ఫ్రీడెమన్ అను జర్మన్ డ్రైవరు వ్రాసెను. దాని పేరు ‘ఎక్స్‌ప్యాడ్’. ఆ మూలపు మొదటి పుటలోని కృతజ్ఞతలు చదువదగినవి. కంట్రోలరు భాషను గూర్చిన ముఖ్య సమాచారమును తన పుటలలో ప్రకటించిన జపానీయుడు ఇటో తకయుకికి, అంతకుముందు ఇట్టి డ్రైవరులను వ్రాసిన పావ్లిక్‌కు, యు. ఎస్. బి. డ్రైవరుల నమూనాను తయారుచేసిన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్‌కు అందు వందనములు గలవు. జపానులో ఒకరు కనుగొనగా, చెక్ దేశస్థుడు వేసిన పునాదిపై, జర్మన్ ఒకడు కట్టినాడు. వీరిని ఏ సంస్థయు ఒకచోట చేర్చలేదు. చేర్చినది తెరచియున్న మూలము.

తయారీదారు చెప్పని భాషను కనుగొనుట ఎట్లు? ఇది రసాయనశాలలో తెలియని లవణమును పరీక్షించుట వంటి పని. తీగపై పోవు బైట్లను ఒక కార్యక్రమము ద్వారా పట్టి చూతురు. ఏమియు తాకకుండ ఒకమారు, ఒక్క మీటను నొక్కి మరియొకమారు చూతురు. ఏ బైటు మారినదో ఆ మీట ఆ బైటుదే. ఒకసారికి ఒక్కదానినే మార్చి తక్కినవానిని స్థిరముగా ఉంచుట శాస్త్రీయ ప్రయోగమునకు మూలసూత్రము గదా! ఇట్లే ఎక్స్‌బాక్స్ వార్తలో, సున్న నుండి లెక్కించినచో, 2వ బైటులో దిక్కుల మీటలును, 12వ బైటునుండి ఎడమ పిడి వంపును ఉన్నట్లు తేలినది. నిలువు అక్షము లినక్సు సంప్రదాయమునకు విరుద్ధ దిశలో వచ్చుచున్నందున డ్రైవరు దానిని తలక్రిందులు చేసి పంపును.

సోనీ వారి ప్లేస్టేషన్-3 కంట్రోలరు చిత్రమైనది. తగిలించినను అది మౌనముగా నుండును. ఒక ప్రత్యేకమైన ప్రశ్నను అడిగిన పిమ్మటనే నోరు తెరచి వార్తలను పంపుట ప్రారంభించును. ఆ ప్రశ్న తెలియనంతవరకు కంట్రోలరు చెడిపోయినదనియే తోచును. చెడినదని పారవేయు పరికరములలో భాష తెలియక మూగవైనవి కూడ ఉండవచ్చునని ఇందుమూలమున గ్రహింపవలెను.

పేరు మార్చుకొన్న మీటలు

డ్రైవరు కుదిరిన తరువాత మరియొక చిక్కు వచ్చినది. మైక్రోసాఫ్ట్ కంట్రోలరులో ‘ఎ’ అను మీట క్రింద నుండును, నింటెండోలో కుడిప్రక్క నుండును. సోనీ మీటలపై అక్షరములే లేవు, వృత్తము, చతురస్రము వంటి ఆకారములున్నవి. ‘ఎ నొక్కుము’ అని ఆట చెప్పినచో ఏ వ్రేలు కదలవలెను? 2013లో డేవిడ్ హెర్‌మన్ లినక్సుకొరకు వ్రాసిన నియమావళిలో మీటలను అక్షరములతోగాక దిక్కులతో గుర్తించు పద్ధతి స్థిరపడినది. క్రిందిది దక్షిణము, పైది ఉత్తరము, కుడిది తూర్పు, ఎడమది పడమర. పటమును చదువనేర్చిన బాలునికి ఇది వెంటనే తెలియును. ఈ హెర్‌మన్‌యే 2011లో నింటెండో ‘వీ’ పిడికి కెర్నెల్ డ్రైవరు వ్రాసియుండెను.

కాలక్రమమున తయారీదారుల వైఖరియు మారినది. 2021 ఏప్రిల్‌లో వెలువడిన లినక్సు 5.12లో ప్లేస్టేషన్-5 కంట్రోలరు డ్రైవరును సోనీ సంస్థయే వ్రాసి అందజేసినది. అయినను స్వచ్ఛంద సేవకుల అవసరము తీరలేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కంట్రోలరులకు డేనియల్ ఓగోర్చాక్ వ్రాసిన డ్రైవరు అనేక సవరణల పిమ్మట 2022 జనవరి నాటి 5.16లో గాని చోటుచేసికొనలేదు. ఆ కంట్రోలరులలో ప్రతిదానికి నడిమి స్థానపు విలువ కొంచెము వేరు. కర్మాగారములో కొలిచిన ఆ విలువలు కంట్రోలరు లోపలనే దాచబడియుండును. డ్రైవరు ముందుగా వానిని చదివి, తరువాత లెక్క సరిచేయును. ప్రయోగశాలలో మైక్రోమీటరు శూన్యాంశ దోషమును చూచుకొనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

చేర్చుట ఎట్లు?

కొత్త కంట్రోలరును లినక్సులో చేర్చుట కొన్నిసార్లు మిక్కిలి చిన్న పని. ప్రతి యు. ఎస్. బి. పరికరమునకు తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య అని రెండు గుర్తులు గలవు. తెలిసిన భాషనే మాటలాడు కొత్త కంట్రోలరైనచో ఎక్స్‌ప్యాడ్ పట్టికలో ఈ గుర్తులతో ఒక్క వరుస చేర్చిన చాలును. భాష కొత్తదైనచో నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును.

వ్రాసినదంతయు నేరుగా చేరదు. డ్రైవరు కెర్నెల్ లోపల నడచును గనుక అందలి తప్పు ఒక్క ఆటను గాక యంత్రమునంతటిని నిలిపివేయగలదు. అందుచేత వ్రాసినవాడు తన పేరుతో, ఇది పంచుటకు నాకు హక్కు గలదు అను ధ్రువీకరణముతో మార్పును అందరియెదుట పెట్టవలెను. ఈ ధ్రువీకరణము 2004 నుండి అమలులో నున్నది. ఆ విభాగపు సంరక్షకుడు వరుసవరుస చదివి ప్రశ్నించును. వ్రాసినవాడు సరిదిద్ది మరల పంపును. వ్రాసినవాని డిగ్రీ ఏది, ఊరు ఏది అని ఎవరును అడుగరు. వరుస సరిగా నున్నదా లేదా అనునదే ప్రశ్న.

మన బడులలో దీని విలువ

ఆటలకోసము ఇంత శ్రమయా అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. దీనికి మూడు సమాధానములు గలవు.

మొదటిది మన భాషకు సంబంధించినది. ఆటపిడి వార్త నడచు బాటలోనే మీటలపలక వార్తయు నడచును. ఆంగ్లమున ‘కె’ అని యున్న మీటను నొక్కినప్పుడు కెర్నెల్ చెప్పునది ‘37వ మీట’ అని మాత్రమే. అది ఆంగ్లమో, తెలుగో కెర్నెల్ ఎరుగదు. పైనున్న పట్టిక ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలోనిదైనచో ఆ 37వ మీటయే ‘క’ అగును. హైదరాబాదు కేంద్రముగా ‘స్వేచ్ఛ’ సంస్థవారు లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొనగలిగిరన్న, బడిపిల్లలకై ‘బాల స్వేచ్ఛ’ను కూర్చగలిగిరన్న, కారణము ఆ వ్యవస్థలోని ప్రతి అంతస్తు తెరచియుండుటయే. మూలము మూసియున్నచో తెలుగు కావలెనని అర్జీ పెట్టుకొనవలసినదే.

రెండవది బోధనకు సంబంధించినది. 2006లో వచ్చిన ‘వీ’ పిడిలో త్వరణమును కొలుచు చిప్పును, పరారుణ కిరణములను చూచు చిన్న కెమెరాయు గలవు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జానీ లీ ఈ కెమెరాను, కొసన పరారుణ దీపమున్న కలమును ఉపయోగించి గోడపై వ్రాయుటకు వీలగు స్వల్పవ్యయపు బోధనఫలకమును నిర్మించి చూపెను. ఆ పిడి భాషను పలువురు ముందే కనుగొని ప్రకటించియుండుటచేతనే ఇది సాధ్యమైనది. త్వరణపు చిప్పుగల పిడిని దారమునకు వ్రేలాడదీసిన లోలకముగా పనిచేయును. దాని ఊగులాటను తెరపై గీతగా చూపవచ్చును. పాఠ్యపుస్తకములోని బొమ్మ అప్పుడు ప్రాణము పోసికొనును.

మూడవది చేతులు సరిగా ఆడనివారికి సంబంధించినది. 2018లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన ‘అడాప్టివ్ కంట్రోలరు’పై రెండు పెద్ద మీటలు గలవు. వెనుకభాగమున కాలి స్విచ్చులు, మోచేతి స్విచ్చులు మున్నగువానిని తగిలించుటకు వరుసగా రంధ్రములున్నవి. ఎక్స్‌ప్యాడ్ పట్టికలో దీనికిని ఒక వరుస గలదు. ఆ ఒక్క వరుస లేనిచో, వ్రేళ్ళు వంగని బాలుడు బడిలోని ఉచిత ఆపరేటింగ్ సిస్టముముందు ఊరక కూర్చుండవలసి వచ్చును. డ్రైవరు పట్టికలో ఒక వరుస ఎంత బరువైనదో దీనినిబట్టి తెలియును.

కంది గ్రామమున హైదరాబాదు ఐ. ఐ. టి. నెలకొనియున్నది. 2008లో ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగార ఆవరణలో తరగతులు ప్రారంభించి, 2015లో కందిలోని స్వంత ప్రాంగణమునకు అది తరలివచ్చినది. అందు చదువు విద్యార్థికిని, సదాశివపేటలోనో, జహీరాబాదులోనో పాత కంప్యూటరుముందు కూర్చున్న పదవ తరగతి విద్యార్థికిని లినక్సు మూలము సమానముగా తెరచియున్నది. ఇరువురికిని ఒకే గ్రంథము, ఒకే పుట. భేదమల్లా చదువుటకు పూనుకొనుటలోనే గలదు.

కావున పాఠశాలలో మూలబడియున్న ఆటపిడి ఏదైన దొరకినచో ఉపాధ్యాయులు దానిని పారవేయక లినక్సుయంత్రమునకు తగిలించి చూడవలెను. వార్తలను తెరపై చూపు ‘జెఎస్‌టెస్ట్’ వంటి చిన్న కార్యక్రమములు ఉచితముగా లభించును. మీట నొక్కిన ఏ అంకె మారినదో, పిడి వంచిన ఏ విలువ పెరిగినదో విద్యార్థులచేత పట్టిక వ్రాయించవలెను. మీటల పేర్లకు బదులు మొదట అంకెలనే వ్రాయించి, ఏ అంకె ఏ మీటదో వారినే కనుగొననిచ్చినచో మేలు. ఇటో తకయుకి జపానులో చేసిన పనియు, డేనియల్ ఓగోర్చాక్ చేసిన పనియు ఇట్టి పట్టికతోనే మొదలగును. ఆ పట్టికలో ఇంతవరకు ఎవరును వ్రాయని వరుస ఒకటి బయటపడెనేని, దానిని వ్రాసి పంపు హక్కు ఆ తరగతిలోని పిల్లలదే.